పారసీక యువరాజు ఆటను గూర్చి

(ధ్యాన భాగము: 1 కొరింథీ 13:11, 12)



అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలోని 13వ అధ్యాయము మన సంఘములలో పెండ్లిండ్లప్పుడు తప్పక చదువబడుచుండును. ప్రేమను గూర్చి అంత గంభీరముగా మాటలాడిన అపొస్తలుడు, ఆ అధ్యాయము ముగియబోవుచుండగా, ఉన్నట్టుండి తన చిన్నతనమును తలంచుకొనును. పసితనములో తన మాటయు తలంపును ఆ యీడునకు తగినట్లే యుండెననియు, ఎదిగిన పిమ్మట ఆ రీతిని వదలుకొంటిననియు చెప్పును. ఈ వచనమును మనము ఎక్కువగా పిల్లలను గద్దించుటకే వాడుచున్నాము. "మీసాలొచ్చినా ఇంకా ఆటలేనా?" అని అడుగదలచిన పెద్దలకు ఇది చేతికందిన బెత్తము.

అయితే వదలుకొనుట యనగా నేమి? వదలినదానిని ద్వేషింపవలెనా? నలువది యేండ్లు దాటిన మనుష్యునికి తన పదునాల్గవ యేట ఆడిన ఆట యొకటి జ్ఞాపకము వచ్చి మనస్సు తేలికపడినయెడల, అది దోషమా, బలహీనతయా, లేక కృతజ్ఞతతో ఉంచుకొనదగినదా? ఈ నెల ఈ ప్రశ్నను కొంచెము నెమ్మదిగా విచారింపగోరుచున్నాము.

ఈ ప్రశ్న మాకు వేదాంత గ్రంథములలో ఎదురైనది కాదు. హిందూపురమునుండి పెనుకొండ మీదుగా ధర్మవరము వరకు సాగు రైలుదారి పొడుగునను ఉన్న పల్లెలలో మేము ఇండ్లు దర్శించుచుండగా, ప్రార్థన ముగియగనే తల్లులు అడుగునది ఒకటే. "అయ్యగారూ, మావాని చేతిలోనుంచి ఆ ఫోను ఎట్ల తీసుకోవాలో చెప్పండి." వాన లేకపోవుటను గూర్చియు, అప్పులను గూర్చియు తరువాత చెప్పుచున్నారు. వారికి జవాబు చెప్పవలసిన మేము ఒక కంప్యూటరు ఆటను ఇప్పటికిని ప్రేమించుచున్నాము. ఆ సంగతి ముందుగా చెప్పి, తరువాత మాటలాడుట న్యాయమని తోచినది.

ఆ ఆట పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా, అనగా పారసీక యువరాజు. దానియేలు 10వ అధ్యాయములో పారసీకుల అధిపతిని గూర్చి చదివినవారు కంగారుపడనక్కరలేదు. ఆ అధిపతికిని ఈ యువరాజునకును చుట్టరికము లేదు. కథ చిన్నది. సుల్తాను యుద్ధమునకు పోయియుండగా జాఫరను మంత్రి సింహాసనమును ఆశించి, రాజకుమార్తెను గోపురములో బంధించును. తన్ను పెండ్లాడుటయో చచ్చుటయో గంటలోగా తేల్చుకొమ్మని ఆమె యెదుట ఇసుక గడియారమును నిలిపి వెళ్లిపోవును. ఎస్తేరు గ్రంథములోని హామానును ఎరిగినవారికి ఈ మంత్రి క్రొత్తవాడు కాడు. ఆమె ప్రేమించిన యువకుడు చెరసాల అడుగున పడియుండును. చేత కత్తియైనను లేదు. అతడు అరువది నిమిషములలో పండ్రెండు అంతస్తులు దాటి ఆమెయొద్దకు చేరవలెను.

త్రోవ పొడుగునను అపాయములే. కాలు మోపగనే ఊడిపడు నేల పలకలు, నేలలోనుండి లేచు ఇనుప ముండ్లు, నోరు తెరచి మూయుచుండు కత్తెరలు, కత్తి దూసిన కావలివారు. ఒక అంతస్తు ఎత్తునుండి దుమికిన ఫరవాలేదు. రెండింతల ఎత్తునుండి పడిన ప్రాణములో ఒక పాలు పోవును. మూడింతల ఎత్తునుండి పడినవాడు మరల లేవడు. చచ్చినవాడు ఆ అంతస్తు మొదటినుండి మరల బయలుదేరవచ్చును. ఎన్నిసార్లు చచ్చినను లెక్కలేదు. కాని గడచిన నిమిషములు మాత్రము తిరిగి రావు. గోలీలాటలో ఓడినవాడు గోలీలు పోగొట్టుకొనును. ఇందులో ఓడినవాడు కాలమును పోగొట్టుకొనును. ఇటువంటి లెక్కను మేము అంతకుముందు ఏ ఆటలోను చూచి యుండలేదు.

మేము కంప్యూటరును మొదట చూచినది హిందూపురములో, 1994 వేసవి సెలవులలో. బెల్లము, చింతపండు మండీల వాసన వచ్చు వీధిలో మేడమీద రెండు గదులు. చెప్పులు గుమ్మము బయట విడువవలెను. దుమ్ము రాకుండ కిటికీలకు మందపాటి తెరలు. మా చిన్నాన్న అక్కడ పాఠములు చెప్పుచుండెను. నేర్చుకొనువారు వెళ్లిపోయిన పిమ్మట, దీపములు ఆర్పకముందు, పిల్లలమైన మమ్మును ఒక గంటసేపు కూర్చుండనిచ్చుచుండెను. నల్లని పలుచని ఫ్లాపీని ఆయన పసిబిడ్డను ఎత్తుకొన్నట్లు రెండు చేతులతో పట్టుకొని యంత్రములో పెట్టును. మేము నలుగురము. ఒకడు మీటలు నొక్కుచుండగా ముగ్గురు ఊపిరి బిగపట్టి చూతురు. వాడు ముండ్లమీద పడగనే రెండవవాడు కుర్చీ లాగును. గంట కాగానే చిన్నాన్న తాళపుచెవి పట్టుకొని గుమ్మములో నిలుచును. ఆయన ఎన్నడును కేకలు వేయలేదు. తాళపుచెవిని వ్రేలికి తగిలించుకొని త్రిప్పుచు నిలుచుండును, అంతే. ఇప్పుడు ఆ ఆట జ్ఞాపకము వచ్చినప్పుడు యువరాజు ఎంతగా జ్ఞాపకము వచ్చునో, ఆ తాళపుచెవి చప్పుడును అంతగా జ్ఞాపకము వచ్చును.

పాసింజరు బండిలో ఇంటికి పోవుచుండగా పెనుకొండయొద్ద కొండమీది కోట నల్లగా కనబడును. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున ఓడిన తరువాత విజయనగరపు రాజులు తరలివచ్చి రాజధానిగా చేసికొన్న కోట యది. దిగువనున్న గగన్ మహలు నేటికిని నిలిచియున్నది. బడిలో ఆ చరిత్ర మాకు తేదీల పట్టికగానే యుండెను. ఆట ఆడిన పిమ్మట ఆ కోటకు చెరసాలలును, రహస్య ద్వారములును, గోపురమున ఎదురుచూచు ఒక రాజకుమార్తెయు కలిగినవి. మా పెనుకొండను మేము నిజముగా చూడ మొదలుపెట్టినది ఒక అమెరికావాడు చేసిన ఆటవలన. ఇది విచిత్రమే.

ఆ అమెరికావాని పేరు జోర్డన్ మెక్నర్. 1985లో ఈ పని మొదలుపెట్టునప్పటికి అతనికి ఇరువదియొక్క యేండ్లు. 1989లో ఆట వెలువడినది. యువరాజు పరుగు, దుముకు, గోడ అంచును పట్టుకొని వ్రేలాడుట, ఇవన్నియు నిజమైన మనుష్యుడు చేసినట్లే యుండును. దానికి కారణమున్నది. మెక్నర్ తన తమ్ముడైన డేవిడ్‌కు తెల్లబట్టలు తొడిగించి, పరుగెత్తించి, దుమికించి, వీడియో తీసి, ఒక్కొక్క కదలికను దానినిబట్టి గీసికొనెను. కత్తియుద్ధమునకు 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలోని ద్వంద్వయుద్ధమును ఆధారముగా తీసికొనెను. సంగీతమును అతని తండ్రి కూర్చెను. కాబట్టి హిందూపురములో మేము పొద్దుపోవు వరకు పరుగెత్తించినది ఎవరో ఒక యింటి తమ్ముని. ఈ సంగతి మాకు చాల యేండ్లకు తెలిసినది. తెలిసిననాడు ఆ ఆటమీద ప్రేమ ఇంకను హెచ్చెను.

మా ముందటి తరమువారు ఇది విని, "మాకు పాతాళభైరవి ఉండెనే" అందురు. నిజమే. 1951లో వచ్చిన ఆ సినిమాలోను రాజకుమార్తె, దుష్టుడైన మాంత్రికుడు, సాహసియైన పేదవాడు ఉన్నారు. తోట రాముడుగా నటించిన నందమూరి తారక రామారావు తరువాత 1985, 1989, 1994 ఎన్నికలలో హిందూపురమునుండియే శాసనసభకు వెళ్లెను. ఓటు వేసిన ముసలివారిలో తోట రాముని తలంచుకొని వేసినవారు ఎందరో మనకెవరు చెప్పగలరు! 1947లో మొదలైన చందమామ పత్రికను చదివి పెరిగినవారు, ఆ పత్రిక నిలిచిపోయిన పిమ్మటను, పాత సంచికలను కట్టలుగట్టి అటకమీద దాచియున్నారు. వారిని మనము పిల్లచేష్టలవారని గద్దించుటలేదు. ఆ ప్రేమ పాతది గనుక గౌరవముగా నున్నది. కంప్యూటరు ఆట క్రొత్తది గనుక సిగ్గుగా నున్నది. ఇంకొక ముప్పది యేండ్లకు ఇదియు గౌరవము పొందును.

మన భక్తులలో ఈ ప్రశ్నతో ఎక్కువగా పోరాడినవాడు జాన్ బన్యన్ అని మా తలంపు. ఇంగ్లండు దేశములో గిన్నెలకు మాట్లు వేసి బ్రదికిన ఈ మనుష్యుడు యౌవనమందు ఆటలన్న ప్రాణము పెట్టెడివాడు. ఒక ఆదివారము మన బిళ్ళంగోడు వంటి ఆట ఆడుచు, ఒక దెబ్బ కొట్టి రెండవ దెబ్బకు కర్ర ఎత్తబోవుచుండగా, పాపమును వదలెదవా పరలోకమును వదలెదవా అన్నట్టి స్వరము తన ఆత్మలో వినబడెనని 1666లో వెలువడిన తన సాక్ష్యములో వ్రాసెను. గుడి గంటలు మ్రోగించుటయన్నను అతనికి బహు ప్రీతి. అది వ్యర్థమని తోచి మానెను. మానియు, ఇతరులు మ్రోగించుచుండగా చూచుటకు పోవుచుండెను. గంట ఊడి మీద పడునేమో యని ఒక దూలము క్రింద నిలిచెను. తరువాత అదియు చాలదని గోపురపు వాకిట నిలిచెను. తరువాత గోపురమే కూలునేమో యని పారిపోయెను. ఇది చదివినప్పుడెల్ల మాకు నవ్వును జాలియు కలిసి వచ్చును. గంట ఏమి కీడు చేసినది? మన పల్లెలలో ఆదివారము ఉదయమున గంట మ్రోగకున్న సగముమంది ఆరాధనకు రారు.

బన్యన్ సంగతి అంతటితో ముగియలేదు. చిన్ననాట తనకు లేఖనములకంటె గుఱ్ఱమెక్కిన వీరుల కథల పుస్తకములమీదనే ఆశ యుండెనని అతడు 1658లో అచ్చైన గ్రంథమొకదానిలో చెప్పుకొనెను. వాటిని విడిచెను. ఇరువది యేండ్లకు, 1678లో, మన యిండ్లలో యాత్రికుని ప్రయాణము అని పేరుపొందిన పుస్తకము వెలువడినది. అందులో ఏమున్నది? కత్తి పట్టిన ప్రయాణికుడు, పొలుసులు గల భూతముతో యుద్ధము, నిరాశయను రాక్షసుడు, వాని కోటలో చీకటి చెర. విడిచిన కథలే తిరిగి వచ్చి అతని పరిచర్యలో నిలువబడినవి. గంటలనుండి పారిపోయినట్లే ఆ వీరులనుండియు కడవరకు పారిపోయియున్నయెడల, ఆ పుస్తకమును మనము చదువగలిగియుండెడివారమా?

ఇక మా పరిచర్యలో జరిగిన ఒక సంగతి. ధర్మవరము చేరువనున్న ఒక పల్లెలో పట్టుచీరలు నేయు సహోదరుడు ఒకడున్నాడు. పగలంతయు మగ్గము గుంతలో కాళ్లు పెట్టి కూర్చుండును. పదునాలుగేండ్ల కుమారుడు రాత్రంతయు ఫోనులో కాల్పుల ఆటలో నుండును. ఒక రాత్రి తండ్రి లేచి ఆ ఫోనును రోకలితో దంచెను. అది మొదలుకొని పండ్రెండు దినములు తండ్రియు కుమారుడును ఒకచోట కూర్చుండి తినలేదు, ఒకరితో నొకరు మాటలాడలేదు. తల్లి ఇద్దరికిని వేరువేరుగా సంగటి పెట్టి కండ్లు తుడుచుకొనుచుండెను. చదువు మాని బెంగళూరు బండి ఎక్కుదునని బాలుడు స్నేహితులతో చెప్పెనట. తండ్రి మాయొద్దకు వచ్చి, "ఆదివారం ప్రసంగంలో ఈ ఆటలను గట్టిగా ఖండించండి అయ్యగారూ. వాడు ముందు వరసలోనే కూర్చుంటాడు" అనెను.

మేము ఆ సాయంకాలమే వారి యింటికి వెళ్లితిమి. మాటల మధ్య తండ్రిని, "నువ్వు వాని వయసులో ఏం ఆడేవానివి?" అని అడిగితిమి. "మాకు ఆటలెక్కడివి, పనే" అని మొదట అనెను. కొంచెము ఆగి తోలుబొమ్మలాట సంగతి ఎత్తెను. ధర్మవరము మండలములోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపొందినదని చదువరులు ఎరుగుదురు; ఆ ఊరి దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ ఇయ్యబడెను. మేకతోలుతో చేసి రంగులు వేసిన బొమ్మలను తెల్లని తెర వెనుక దీపపు వెలుగులో ఆడింతురు. "కేతిగాడు, బంగారక్క వచ్చేదాకా నిద్ర ఆపుకొనేవాళ్లం అయ్యగారూ. పక్క ఊర్లో ఆడితే నడిచిపోయేవాళ్లం. ఒకసారి రెండు రాత్రులు ఇంటికి రాలేదు. మా నాయన కట్టె తీసుకొని వచ్చినాడు" అని చెప్పి పకాలున నవ్వెను. నవ్వి, కుమారుని వైపు చూచి, నవ్వు ఆపుకొనెను.

బాలుడు గోడకానుకొని వినుచుండెను. తండ్రి ఈ సంగతి ఇంటిలో ఎన్నడును చెప్పియుండలేదట.

"మీరు కూడా ఆడినారా అయ్యగారూ?" అని వాడు మమ్మును అడిగెను. యువరాజును గూర్చి చెప్పితిమి. కత్తెరల సంగతికి కండ్లు విప్పార్చెను. అరువది నిమిషముల సంగతికి వచ్చునప్పటికి ప్రశ్నలు మొదలుపెట్టెను.

"అరవై నిమిషాలైతే?"

"ఆట అయిపోతుంది."

"గెలిస్తే?"

"గెలిచినా అయిపోతుంది."

"అయిపోయినాక ఏం చేసేవాళ్లు?"

"ఇంటికి పోయేవాళ్లం."

వాడు నమ్మలేదు. తండ్రి వైపు తిరిగి, "ఆట అయిపోవడమేంది నాయనా?" అని అడిగెను. పండ్రెండు దినములలో వాడు తండ్రితో పలికిన మొదటి మాట అది.

ఆ ప్రశ్న మమ్మును చాల దినములు విడువలేదు. వాడు ఆడు ఆటకు ముగింపు లేదు. ఒక పోరు ముగియగనే ఇంకొకటి సిద్ధముగా నుండును. ప్రతిదినము తెరచినవానికి బహుమానము, ఒక దినము మానినవానికి నష్టము. తుపాకికి క్రొత్త రంగు, వీరునికి క్రొత్త చొక్కా, వాటికి రూపాయలు. తోలుబొమ్మలాటకు తెల్లవారుట ముగింపు. యువరాజునకు ఇసుక గడియారము ముగింపు. చందమామ ధారావాహిక నెలకొక్కసారి ఆగి పిల్లవానిని బయట ఎండలోనికి పంపివేయుచుండెను. ఆ ఆటలను, కథలను చేసినవారే వాటిలో ఆగుటను కూడ పెట్టిరి. ఇప్పటి ఆటలు అనేకము ఆగకుండుటవలననే సొమ్ము చేసికొనుచున్నవి. డబ్బు పందెముగా పెట్టు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టము చేసినది, మంచిదే. కాని ఈ బాలుని ఆటలో పందెము లేదు. పోవునది నిద్రయు, కాలమును. దానికి చట్టము చాలదు.

మేము పారసీక యువరాజును ప్రేమించుటకు వీలైనది, అది మమ్మును పోనిచ్చినందుననే అని ఇప్పుడు తోచుచున్నది. గంట కాగానే అది మమ్మును వదలెను. మేము మెట్లు దిగి, చెప్పులు వేసికొని, రైలెక్కి, కోటను చూచుచు ఇంటికి వచ్చితిమి. వదలని వస్తువును ప్రేమించుట కష్టము. దానికి లోబడుట మాత్రమే సాధ్యము.

అయితే ఇక్కడ మేము తొందరపడి తీర్పు చెప్పలేము. ఆ బాలుడు ఇంకొక మాట చెప్పెను. బడి మాని బెంగళూరులో పనికి పోయిన ఇద్దరు స్నేహితులు ఆ ఆటలోనే వానికి కలిసెదరట. చెవిలో తొడిగిన తీగలలో మాటలాడుకొందురట. "వాళ్లతో మాట్లాడేదానికే ఎక్కువ ఆడతా" అనెను. కాబట్టి నలువది యేండ్లు దాటిన పిమ్మట వానికి జ్ఞాపకము వచ్చునది తుపాకులు కాక, ఆ ఇద్దరి గొంతులు కావచ్చును. ఫోను దంచిన రోకలి ఆ గొంతులను కూడ దంచినదని తండ్రికి తెలియదు.

పారసీక యువరాజు ఆటలో ఒక ఘట్టమున్నది. నాలుగవ అంతస్తులో యువరాజు బయటి ద్వారము తెరచి తిరిగి వచ్చుచుండగా, వచ్చునప్పుడు లేని అద్దమొకటి త్రోవకు అడ్డుగా నిలుచును. వేరే దారి లేదు. పరుగెత్తి దానిలోనికి దుమికినవాడే అవతలికి పోవును. అతడు అవతల పడగనే, అద్దములోనుండి అతని నీడ ఇవతలికి దుమికి పారిపోవును. అతని ప్రాణము ఒక్క పాలు మాత్రము మిగులును. ఆ నీడ తరువాతి అంతస్తులో అతనికి కావలసిన ఔషధమును ముందే త్రాగివేయును. ఇంకొకచోట ద్వారము మూసి అతనిని క్రిందికి పడవేయును. కడపటి అంతస్తులో కత్తి దూసి ఎదుట నిలుచును. పిల్లలము అందరమును చేసినదే మేమును చేసితిమి: పొడిచితిమి. నీడకు దెబ్బ తగిలిన ప్రతిసారి మన ప్రాణమే తగ్గును. నీడ చచ్చిన మనమే చత్తుము. కత్తి ఒరలో పెట్టవలెను. మనము పెట్టగనే నీడయు పెట్టును. అప్పుడు ఎదురుగా నడచిపోయిన ఇద్దరును ఒక్కటగుదురు. ఆ తరువాత నేల కనబడని చోట అడుగు పెట్టిన, అడుగడుగున నేల ఏర్పడును.

మెక్నర్ దీనిని ఉపదేశముగా చేయలేదు. అతడు చేయుచున్న యంత్రపు జ్ఞాపకశక్తి మొత్తము 128 కిలోబైట్లు. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు. యువరాజు కదలికలతోనే అది నిండిపోయెను, శత్రువును గీయుటకు చోటు లేకపోయెను. అందువలన యువరాజు బొమ్మనే కొంచెము మార్చి నీడగా చేసెను. బీదతనములోనుండి పుట్టిన ఉపాయమిది.

ఆ రాత్రి ఆ నేతగాని యింట కూర్చుండగా మాకు ఈ ఘట్టమే జ్ఞాపకము వచ్చెను. వెలుగుచున్న తెర యెదుట నిద్ర ఆపుకొని కూర్చున్న బాలుడు ఆ తండ్రికి క్రొత్తవాడు కాడు. వానిని తండ్రి ఎరుగును, తానే వాడు. రోకలి దెబ్బ ఎవరికి తగిలినదో అతడు నవ్వి ఆపుకొన్నప్పుడు అతని ముఖములో చూచితిమి. పౌలు కూడ తన చిన్నతనమును తలంచిన వెంటనే, తరువాతి వచనములోనే, అద్దమును గూర్చి మాటలాడును. కొరింథువారి కాలమున అద్దములు మెరుగుపెట్టిన కంచువి. వాటిలో ముఖము మసకగానే కనబడును. పెద్దవాడనైతినని చెప్పిన నోటితోనే అపొస్తలుడు, ఇప్పటికిని నేను చూచునది మసకయే అని ఒప్పుకొనుచున్నాడు. ఎదిగినవాడు సయితము ఇంకను సంపూర్ణముగా ఎదుగవలసినవాడే. తాను విడిచిన బాలుని ఎగతాళి చేయుటకు అట్టివానికి తీరిక ఉండదు.

2012లో మెక్నర్ తండ్రి తన యింటిలో ఒక పెట్టెను కనుగొనెను. అందులో పాత ఫ్లాపీలు. ఆటకు మూలమైన వ్రాత, పోయినదని కుమారుడు అనుకొనుచుండినది, అందులోనే యుండెను. ఇరువదికి పైగా యేండ్లు అది ఎవరికిని అక్కరలేక అక్కడ పడియుండెను. తండ్రి దానిని చెత్తలో వేయక కుమారునికి పంపెను. ఇంకొందరి సహాయముతో అతడు దానిని చదివించి, ఆ సంవత్సరమే లోకమంతటికిని ఉచితముగా చూపెను. విడుచుటకును పారవేయుటకును నడుమ అట్టి పెట్టె ఒకటి ఉన్నదని మాకు తోచును.

ఆదివారము మేము ఖండన ప్రసంగము చేయలేదు. జెకర్యా 8వ అధ్యాయము చదివితిమి. దేవుడు బాగుచేసిన యెరూషలేము ఎట్లుండునో ప్రవక్త అక్కడ చెప్పుచున్నాడు: ముసలివారు చేతికఱ్ఱలతో వీధులలో కూర్చుందురు, ఆ వీధులలోనే బాలురును బాలికలును ఆడుకొందురు. వీధి ఒక్కటే. కఱ్ఱ ఉన్నది గాని, ఆనుకొనుటకే. తండ్రి ఆరాధన ముగిసిన పిమ్మట మాతో ఏమియు అనలేదు. చేయి కలిపి వెళ్లిపోయెను.

ఇప్పుడు శనివారము సాయంకాలములలో ఆ బాలుడు పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారములో పనిచేయు మేనమామ ల్యాప్‌టాపులో పారసీక యువరాజును ఒక గంటసేపు ఆడుచున్నాడు. తండ్రి మగ్గము దిగి వచ్చి ప్రక్కన కూర్చుండి, "దూకరా, దూకు!" అని వీధికి వినబడునట్లు అరచుచుండునని తల్లి చెప్పినది. తుపాకుల ఆటను వాడు పూర్తిగా మానలేదు. స్నేహితులతో ఆదివారము మధ్యాహ్నము మాత్రము కలియునట్లు ఒప్పుకొన్నాడు. ఒప్పుకొన్నట్లు ఎన్నాళ్లు చేయునో చూడవలెను. నీడ సంగతి మేము వానికి చెప్పలేదు. మొన్న కబురు పంపినాడు. నాలుగవ అంతస్తుకు వచ్చినాడట, తిరిగి వచ్చు దారిలో అద్దమొకటి అడ్డముగా నిలిచినదట, ఎంత వెదకినను వేరే దారి లేదట. తండ్రికొడుకులు ఇద్దరును రెండు శనివారములుగా దాని యెదుట కూర్చున్నారు. మేమింకను జవాబు పంపలేదు.